కలుపులో కూర



ఈ రోజు మాట ఆకుల గురించి. బజారులో కట్ట కట్టి అమ్మే పాలకూర, మెంతికూర గురించి కాదు. ఎవరూ విత్తనం వేయకుండా, ఎవరూ నీళ్ళు పెట్టకుండా చేనులో, గట్టు మీద తమంత తామే మొలిచే కూరల గురించి. గంగవాయిలి, గునుగు, తుమ్మి, దొగ్గలి, చెంచలి, పొన్నగంటి, ఎలుకచెవి కూర, తంటెం. నలభై ఏళ్ళు దాటినవాళ్ళు ఈ పేర్లు వినగానే తల ఊపుతారు. ఇరవై ఏళ్ళ కోడళ్ళు పక్కవాళ్ళ మొహం చూస్తారు.

దోమకొండలో గానీ, చుట్టుపక్కల ఊళ్ళలో గానీ పదో తరగతి చదివే పిల్లను వానాకాలంలో ఒకసారి చేను గట్టు మీదికి తీసుకుపోండి. కాళ్ళ దగ్గర ఉన్న మొక్కను చూపించి, "ఇదేం చెట్టు బిడ్డా?" అని అడగండి. "గడ్డి" అంటుంది. పక్కదాన్ని చూపించండి. "అది కూడా గడ్డే" అంటుంది. ఆ పిల్ల తెలివి తక్కువది కాదు. ఆకు ఎండలో తన ఆహారం తాను ఎట్లా తయారు చేసుకుంటుందో గడగడా చెబుతుంది. పరీక్షలో పది మార్కులు తెచ్చుకుంటుంది. కాని ఆ ఆకు పేరు ఆమెకు తెలియదు. దాన్ని తినవచ్చని అసలే తెలియదు.

అదే ఇంట్లో ఆమె అవ్వ ఉంటుంది. అవ్వకు అక్షరం రాదు. పింఛను తీసుకునేటప్పుడు వేలిముద్ర వేస్తుంది. కాని చేనులోకి పోతే ఏ ఆకు పప్పులోకి, ఏ ఆకు పులుసులోకి, ఏ ఆకు ముదిరితే చేదు ఎక్కుతుంది, ఏది అసలు ముట్టుకోవద్దు, అన్నీ చెబుతుంది. చదువు ఉన్న పిల్లకు ఆకు తెలియదు. ఆకు తెలిసిన అవ్వకు చదువు లేదు. మధ్యలో ఉన్నది మీరు. మీకు ఆకూ తెలుసు, ఇప్పుడు అక్షరమూ వచ్చింది. ఇట్లా రెండూ తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. అందుకే ఈ మాటలు మీకు చెప్పడం.

ముందుగా ఒక సంగతి చూద్దాం. అవ్వకు ఈ ఆకులు ఎవరు నేర్పారు? ఏ పంతులమ్మా నేర్పలేదు. కలుపు నేర్పింది.

జొన్న చేనులోనో, పెసర చేనులోనో కలుపు తీయడానికి పదిమంది ఆడవాళ్ళు వరుసగా కూర్చునేవాళ్ళు. చేతిలో ఖుర్పీ. పాటో ముచ్చటో నడుస్తూ ఉండేది. పీకిన గడ్డిని గట్టు మీద వేసేవాళ్ళు. అందులో లేత గునుగు కనపడితే గట్టు మీదికి పోదు, కొంగులోకి పోతుంది. దొగ్గలి కనపడితే కొంగులోకి. గంగవాయిలి కొంగులోకి. పొద్దు గూకేసరికి చేను శుభ్రం అయ్యేది, కొంగులో రాత్రి కూర ఉండేది. వెంట వచ్చిన చిన్నపిల్ల అమ్మ ఏది పారేస్తుందో, ఏది దాస్తుందో చూసేది. తాను కూడా ఒకటి పీకి తెచ్చేది. "ఇది కాదు బిడ్డా, దీని కాడ చూడు, ఎర్రగుండాలె" అని అమ్మ చెప్పేది. అట్లా వంద రోజులు, వంద ఆకులు. పుస్తకం లేదు, పలక లేదు. అయినా మరచిపోయే చదువు కాదది.

ఇప్పుడు ఆ బడి మూతపడింది. ఎందుకు మూతపడిందో తెలుసుకోవాలి. పిల్లల్ని తిట్టి లాభం లేదు.

ఒక కారణం గడ్డి మందు. మక్క విత్తిన రెండు మూడు రోజులకే మందు కొడతారు. గడ్డి మొలవనే మొలవదు. పత్తిలో కొడతారు, సోయాలో కొడతారు, వరి మడి ఒడ్డుల మీద కూడా కొడతారు. మందుకు గునుగు అని తెలియదు, గరిక అని తెలియదు. వెడల్పు ఆకు గడ్డిని చంపే మందు కూరాకులను ముందు చంపుతుంది. ఎందుకంటే కూరాకులు దాదాపు అన్నీ వెడల్పు ఆకులే. గ్లైఫోసేట్ అనే మందు ఉంది. పచ్చగా కనపడిన ప్రతిదాన్నీ మాడ్చేస్తుంది. దాన్ని లైసెన్సు ఉన్న చీడపీడల నివారణ పనివాళ్ళతోనే కొట్టించాలని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ఆంక్ష పెట్టింది. ఈ సంగతి గట్టు మీద పంపు మోసేవాళ్ళలో ఎంతమందికి తెలుసో మీరే చూస్తున్నారు.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. కలుపు తీయడం తేలిక పని కాదు. నడుము విరుగుతుంది. కూలి తక్కువ. ఎండ నెత్తి మీద, బురద కాళ్ళ కింద. ఆ పని తగ్గిందని ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకుంటే తప్పేమీ లేదు. "పాత రోజులు బంగారం" అని చెప్పేవాళ్ళు సాధారణంగా కలుపు తీసినవాళ్ళు కారు. కాని పని పోతూ పోతూ, దాని వెంట ఉన్న కూరనూ, కూర గురించిన తెలివినీ తీసుకుపోయింది. పోయింది కూలి ఒక్కటే కాదని ఎవరూ లెక్క చూడలేదు.

ఇంకొక కారణం బడి. ఆడపిల్లలు బడికి పోతున్నారు, గురుకులం హాస్టళ్ళలో ఉంటున్నారు. ఇది సంతోషించే మాట. అయితే వానాకాలం అంతా పిల్ల హాస్టల్లో ఉంటుంది. సెలవులకు ఇంటికి వచ్చేది దసరాకు. అప్పటికి గునుగు ముదిరి పూవు వేస్తుంది. ఆ పిల్లకు గునుగు అంటే బతుకమ్మలో రంగు అద్ది పేర్చే పూవు. అదే మొక్క రెండు నెలల ముందు పప్పులో ఉడికే ఆకు అని ఎట్లా తెలుస్తుంది?

మూడోది బీడీ. కామారెడ్డి జిల్లాలో, దోమకొండ చుట్టుపక్కల ఎన్ని ఇళ్ళలో ఆడవాళ్ళు బీడీలు చుడతారో చెప్పనక్కర లేదు. పొద్దున చాట ముందర పెట్టుకుంటే రాత్రి దాకా లేచేది లేదు. చేతిలో ఆడేది తునికాకు. తునికి చెట్టుకు పండు కూడా కాస్తుంది. ఎండాకాలంలో పసుపు పచ్చగా, తియ్యగా ఉంటుంది. మాచారెడ్డి, గాంధారి, ఎల్లారెడ్డి దిక్కు అడవుల్లో మన పెద్దలు అది ఏరుకుని తిన్నవాళ్ళే. ఇప్పుడు పిల్లలు పుట్టినప్పటి నుంచి తునికాకు కట్టల మధ్యనే పెరుగుతారు. ఆ వాసనలోనే నిద్రపోతారు. తునికి పండును మాత్రం చూడలేదు. ఆకు కోసం పొదలను నరికి చిగురు వేయిస్తారు. పండు కాసేది నరకకుండా ఎదిగిన చెట్టు. అది కనపడాలంటే అడవిలోకి నడవాలి. నడిచే తీరిక ఎవరికుంది?

ఇంకా ఒకటి ఉంది. దాన్ని గట్టిగా చెప్పరు గాని అందరి మనసులోనూ ఉంది. సిగ్గు. ఏరుకొచ్చిన కూర పేదల కూర అని పేరు. ఇంటికి చుట్టాలు వస్తే తుమ్మికూర పెట్టరు. ఆలుగడ్డ పెడతారు. పిల్ల తన టిఫిన్ డబ్బాలో దొగ్గలికూర చూసి, "ఇది వద్దు, అందరూ నవ్వుతరు" అంటుంది. ఇక్కడొక వింత చూడండి. అదే తుమ్మికూర వినాయక చవితి నాడు తినాలని తెలంగాణలో ఆచారం. హైదరాబాదులో ఆ రోజు పొద్దున్నే మార్కెట్లో కుప్పలు పోసి అమ్ముతారు. బంగళాల వాళ్ళు కార్లు దిగి కొంటారు. బోడకాకర సంగతీ అంతే. అడవిలో తీగకు కాసిన కాయ. బజారుకు వచ్చేసరికి కోడికూరతో పోటీ పడే ధర పలుకుతుంది. కొనుక్కుంటే గొప్ప, ఏరుకుంటే చిన్నతనం. ఇదెక్కడి లెక్క?

సరే, ఇప్పుడు ఆకుల దగ్గరికి వద్దాం.

గంగవాయిలి. నేల మీద పరుచుకుంటుంది. కాడ ఎర్రగా, ఆకు చిన్నగా, మందంగా, నీళ్ళతో నిండి ఉంటుంది. నోట్లో వేసుకుంటే పుల్లన. కోస్తా జిల్లాల వాళ్ళు గంగపాయల కూర అంటారు. పప్పులో వేస్తే చింతపండు తక్కువ పడుతుంది. దీని చెల్లెలు సన్నవాయిలి, ఆకు ఇంకా సన్నగా ఉంటుంది. ఈ గంగవాయిలి మన ఒక్కరి సొత్తే కాదు. తుర్కియే దేశంలో పెరుగులో కలుపుకుని తింటారు. మెక్సికోలో మాంసంతో కలిపి వండుతారు. చేపల్లో ఉండే మంచి కొవ్వు పేరు ఒమేగా మూడు. ఆ జాతి కొవ్వే ఈ ఆకులో కూడా ఉందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆకుకూరల్లో అది ఇంతగా ఉండడం అరుదు. ఒక్క జాగ్రత్త. మూత్రపిండాల్లో రాళ్ళు ఉన్నవాళ్ళు డాక్టరును అడిగి తినాలి. ఈ ఆకులో ఆక్సలేటు అనే పదార్థం ఎక్కువ. రాళ్ళు తయారవడానికి అదొక కారణం.

తుమ్మి. మోకాలెత్తు మొక్క. కాడ చుట్టూ గుత్తిగా తెల్లపూలు పూస్తాయి. కొంచెం చేదు. పులుపు తగిలితే చేదు లొంగుతుంది. అందుకే చింతపండు పులుసుతో వండుతారు.

గునుగును లేతగా ఉన్నప్పుడే కోయాలి. నడిమిన పూవు కంకి లేచిందంటే ఆకు పీచు పడుతుంది. దొగ్గలి తోటకూర జాతిదే. తోటకూర వండినట్టే వండవచ్చు. చెంచలి కూడా వాన చేలల్లో మొలుస్తుంది, సన్నని కంకికి గులాబి రంగు పూలు. పొన్నగంటి మాత్రం తడి చోటు కోరుతుంది. చెరువు కింద, కాలువ పక్కన. ఆకు మొదట్లో తెల్లని చిన్న బొడిపె లాంటి పూలు ఉంటాయి. కళ్ళకు మంచిదని పెద్దలు చెప్పేవాళ్ళు. పచ్చని ఆకుకూరల్లో ఏ విటమిను తయారు చేసే పదార్థం ఉంటుంది. అది తగ్గితే రేచీకటి వస్తుంది. పెద్దల మాటకు అదీ ఆధారం. ఎలుకచెవి కూర ఆకును చూస్తే పేరు ఎందుకు వచ్చిందో ఇంకొకరు చెప్పనక్కర లేదు.

ఇక తంటెం. కొందరు తగిరిస అంటారు. తొలకరి పడగానే గుంపులు గుంపులుగా మొలుస్తుంది. లేత చిగురు కోసుకుని, ఉడకబెట్టి, నీళ్ళు వంచేసి వండుకుంటారు. ముదిరితే చేదు, పైగా విరేచనాలు పట్టుకుంటాయి. దీని దగ్గర కాసేపు ఆగాలి. ఎందుకంటే దీనికి ఒక దాయాది ఉంది. దాని పేరు కసివింద. రెండూ ఒకే జాతి. రెండూ బాట పక్కన, పెంటకుప్పల పక్కన మొలుస్తాయి. రెండింటికీ పసుపు పచ్చని పూలు. తెలియనివాళ్ళకు రెండూ ఒకటే.

కసివింద గింజలు విషం. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో ఏటా చలికాలం వచ్చేసరికి చిన్నపిల్లలకు హఠాత్తుగా వాంతులు అయ్యేవి. తెలివి తప్పి రెండు మూడు రోజుల్లో చనిపోయేవాళ్ళు. చాలాకాలం అది ఏదో మెదడు జ్వరం అనుకున్నారు. చివరికి 2007 నాటికి డాక్టర్లు అసలు కారణం పట్టుకున్నారు. ఆడుకుంటూ ఆడుకుంటూ పిల్లలు కసివింద కాయలు వలిచి గింజలు తింటున్నారు. 2016లో ఒడిషాలో, మల్కన్‌గిరి జిల్లాలో ఎందరో గిరిజన పిల్లలు చనిపోయారు. అక్కడ మెదడువాపు జ్వరం ఉన్నమాట నిజమే. కాని ఈ గింజలు కూడా చాలా చావులకు కారణమని నిపుణుల కమిటీ చెప్పింది. 

కాబట్టి ఆకు తెలియడం రుచి కోసం మాత్రమే కాదు. ఏది తినవచ్చో తెలిసిన అమ్మకు ఏది తినకూడదో కూడా తెలుసు. ఒకటి మరచిపోతే రెండోదీ మరచిపోతాం.

రెండింటికీ తేడా ఇది. తంటెం కొమ్మకు సాధారణంగా మూడు జతల ఆకులు. ఆకు కొన గుండ్రంగా ఉంటుంది. కాయ సన్నగా, పొడుగ్గా, కొంచెం వంకరగా ఉంటుంది. కసివిందకు ఎక్కువగా నాలుగైదు జతల ఆకులు. ఆకు కొన మొనదేలి ఉంటుంది. కాయ బల్లపరుపుగా ఉంటుంది. నలిపితే చెడ్డ వాసన. ఇవి చదివి నేర్చుకోవడం ఒక ఎత్తు. తెలిసిన అవ్వ పక్కన నిలబడి రెండు కొమ్మలూ రెండు చేతుల్లో పట్టుకుని చూడడం ఇంకొక ఎత్తు. ఆకు గుర్తు పట్టడంలో అనుమానం ఉంటే తినకూడదు. అవ్వను అడగాలి. అవ్వకూ అనుమానం ఉంటే పారేయాలి. పిల్లలు గింజలు నోట్లో పెట్టుకుని వాంతులు చేసుకుంటే పసరు పోయడం, మంత్రం వేయించడం వద్దు. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. తిన్న కాయో కొమ్మో వెంట తీసుకుపోతే డాక్టరుకు పని తేలిక అవుతుంది.

రక్తం సంగతి కూడా కొంచెం చెప్పుకోవాలి. 2019 నుంచి 2021 దాకా దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి పైగా రక్తం తక్కువగా ఉందని అందులో తేలింది. ఈ సభలో పదిమంది ఒక వరుసలో కూర్చుంటే ఆ వరుసలో ఐదారుగురు. ఆయాసం, కళ్ళు తిరగడం, ఊరికే నీరసం. అన్నం ఉంది. రేషన్ బియ్యం వస్తున్నాయి. కడుపు నిండుతోంది. కాని కంచంలో తెలుపే ఎక్కువ, పచ్చదనం తక్కువ.

ఏరుకొచ్చిన ఆకు తింటే రక్తం తక్కువ మొత్తం పోతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఆకులోని ఇనుమును ఒళ్ళు కొంచెమే పట్టుకుంటుంది. డాక్టరమ్మ ఇచ్చిన ఇనుము మాత్రలు మానకూడదు. కాని రోజూ ఒక ఆకుకూర ఉన్న కంచానికీ, లేని కంచానికీ తేడా ఉంది. కూర మీద నిమ్మరసం పిండుకుంటే, ఉసిరికాయ పచ్చడి నంజుకుంటే ఆకులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే చాయ్ తాగితే ఆ ఇనుము ఒంటికి పట్టదు. బీడీల దగ్గర కూర్చుని అన్నం తిన్న చేత్తోనే చాయ్ గ్లాసు పట్టుకునే అలవాటు చాలామందికి ఉంది. గంటసేపు ఆగండి. ఇందులో పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు పక్క జిల్లాకు పోదాం. మన ఊళ్ళన్నీ 2016 అక్టోబరు దాకా నిజామాబాదు జిల్లాలో ఉండేవి. తర్వాత కామారెడ్డి జిల్లా అయింది. ఓటు వేసేటప్పుడు మాత్రం కామారెడ్డి, ఎల్లారెడ్డి నియోజకవర్గాలు 2009 ఎన్నికల నుంచి జహీరాబాదు పార్లమెంటు కిందికి వస్తాయి. ఆ జహీరాబాదు దగ్గర పస్తాపూర్ అనే ఊరు ఉంది. అక్కడ 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ మొదలైంది. దాన్ని పెంచినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్. ఆయన 2023 మార్చిలో చనిపోయారు. ఊరూరా ఆడవాళ్ళ సంఘాలు పెట్టారు. ఎక్కువమంది దళిత మహిళలు. ఎకరం రెండెకరాల మెట్ట భూమి, కొందరికి అదీ లేదు.

ఆ సంఘాల ఆడవాళ్ళు తమకు తెలిసిన ఆకుల పేర్లు చెబుతూ పోయారు. చదువుకున్నవాళ్ళు రాస్తూ పోయారు. మీరు పదో, ఇరవయ్యో అనుకుంటారు. లెక్క దాదాపు 80 దాకా పోయింది. ఎవరూ పండించని, తమంత తామే మొలిచే ఆకుకూరలే అన్ని. పస్తాపూర్ చుట్టుపక్కల చేలల్లో ఇన్ని ఎందుకు మిగిలాయి? అక్కడ ఒక చేనులో జొన్న, కంది, పెసర, ఇంకా ఎన్నో పంటలు కలిపి వేస్తారు. గడ్డి మందు కొట్టరు. మందు కొడితే గడ్డితో పాటు కలిపి వేసిన పంటలూ చస్తాయి. పంటలు కలిసి ఉన్నచోట కూరాకు బతికింది. మక్క ఒక్కటే, పత్తి ఒక్కటే వేసిన చోట చచ్చింది. చేను లేనివాళ్ళు ఇంకొకరి చేనులో కూరాకు కోసుకోవచ్చు. దాన్ని దొంగతనం అనే ఆచారం లేదు. మన దగ్గరా మొన్న మొన్నటిదాకా అంతే కదా. గట్టు మీద ఆకు కోస్తుంటే ఏ ఆసామీ ఏమీ అనేవాడు కాదు. భూమి లేని ఇంటికి అదొక ఆస్తి. కాగితం లేని ఆస్తి. గడ్డి మందు ఆ ఆస్తిని తీసేసింది. నష్టపరిహారం ఇవ్వమని ఎవరూ అడగలేదు. పోయిందని రాసిపెట్టిన కాగితం కూడా లేదు మరి.

ఆ ఆడవాళ్ళు అక్కడితో ఆగలేదు. కెమెరా పట్టడం నేర్చుకున్నారు. 2008 అక్టోబరు 15న మాచనూరు గ్రామంలో సంఘం రేడియో అని సొంత రేడియో పెట్టుకున్నారు. విత్తనం గురించీ, వంట గురించీ, ఆకు గురించీ తమ యాసలోనే మాట్లాడతారు. ఎడ్లబండ్ల మీద విత్తనాలు పెట్టుకుని ఊరూరా పాత పంటల జాతర చేశారు. 2019లో ఐక్యరాజ్య సమితి వాళ్ళ ఈక్వేటర్ బహుమతి ఆ సంస్థకు వచ్చింది. బహుమతి గొప్పే. అంతకంటే గొప్ప సంగతి, అక్కడి ఆడవాళ్ళు తమ ఆకుల పేర్లు సిగ్గుపడకుండా మైకు ముందర చెప్పడం.

మరి మన దగ్గర ఏం చేయవచ్చు?

ఒక చట్టం ఉంది. జీవవైవిధ్య చట్టం, 2002లో వచ్చింది. జీవవైవిధ్యం అంటే పెద్ద మాట. మన చుట్టూ ఉన్న రకరకాల చెట్లు, పురుగులు, పక్షులు, పశువులు, పంటలు అని అర్థం. ఈ చట్టం ప్రకారం ప్రతి గ్రామ పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి. 2004లో వచ్చిన నిబంధనల్లో ఆ కమిటీ సభ్యుల్లో మూడో వంతుకు తగ్గకుండా ఆడవాళ్ళు ఉండాలని రాశారు. ఆ కమిటీ ఊరివాళ్ళను అడిగి ఒక రిజిస్టరు రాయాలి. దాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు అంటారు. ఊళ్ళో ఏ చెట్టు ఉంది, ఏ ఆకు ఉంది, దాన్ని దేనికి వాడతారు, ఎవరికి తెలుసు, ఇవన్నీ అందులో ఉండాలి.

పంచాయతీ ఆఫీసుకు పోయి ఆ రిజిస్టరు చూపించమని అడగండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చు. చదివి చూడండి. గంగవాయిలి ఉందా? తుమ్మి ఉందా? సన్నవాయిలి ఉందా? కమిటీలో ఉన్న ఆడవాళ్ళు ఎవరు? వాళ్ళకు తాము కమిటీలో ఉన్నామని తెలుసా? లేని పేర్లు కాగితం మీద రాసి ఇవ్వండి. కింద సంతకం పెట్టండి. వేలిముద్ర కాదు, సంతకం.

ఆ పనికి రోజులు పడుతుంది. అంతలోపల సంఘానికి ఒక నోటు పుస్తకం కొనండి. ఒక ఆకుకు ఒక పేజీ. పై వరుసలో పేరు. ఒక్కో ఊళ్ళో ఒక్కో పేరు ఉంటే అన్నీ రాయండి. దోమకొండలో ఏమంటారు, భిక్కనూరులో ఏమంటారు, కోడలి పుట్టింట్లో ఏమంటారు. కింద గుర్తులు. కాడ రంగు, ఆకు కొన, పూవు, వాసన. ఏ కార్తెలో మొలుస్తుంది. ఏ చోట దొరుకుతుంది. లేతగా కోయాలా, ముదిరినా ఫరవాలేదా. ఉడికించి నీళ్ళు వంచాలా. దేనితో కలిపి వండుతారు. దానికి పోలిన చెడ్డ మొక్క ఏదైనా ఉందా. చివరి వరుసలో, ఈ సంగతి ఎవరు చెప్పారు. అవ్వ పేరు తప్పకుండా రాయండి. పక్కన ఆ కొమ్మను పాత పేపరు మధ్య పెట్టి, బరువు కింద ఆరబెట్టి, దారంతో కుట్టండి. బొమ్మ వేయగల పిల్ల ఉంటే బొమ్మ వేయించండి. ఆ పిల్ల ఆకును బాగా చూడకుండా బొమ్మ వేయలేదు. నేర్పినట్టూ ఉంటుంది, నేర్చినట్టు తెలియదు.

అక్షరం తప్పు పోతుందని భయపడకండి. "గంగవాయిలి" అని రాసినా, "గంగబాయిలి" అని రాసినా ఆకు అదే. పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేయకండి.

ఆకు కోసేటప్పుడు రెండు మూడు సంగతులు చూసుకోవాలి. గడ్డి మందు కొట్టిన చేనులో, దాని గట్టు మీద కోయవద్దు. ఆసామిని అడిగి కోయండి, ఎప్పుడు ఏ మందు కొట్టాడో ఆయనకే తెలుసు. మురికి కాలువ పక్కన పొన్నగంటి నిగనిగలాడుతుంది. దాన్ని చూసి మోసపోవద్దు. పెద్ద రోడ్డు అంచున ఉన్నది కూడా వద్దు. మంచి చోటు దొరకకపోతే పెరట్లోనే ఒక మూల వదలండి. బోరింగు దగ్గర నీళ్ళు పారే చోట పొన్నగంటి కాడ గుచ్చితే వేరు పోస్తుంది. గంగవాయిలి కాడా అంతే. గునుగు రెండు మొక్కలు ముదరనిచ్చి వదిలేస్తే గింజ రాలి మళ్ళీ వానకు మొలుస్తుంది. బతుకమ్మకు పూవు కూడా ఇంట్లోనే దొరుకుతుంది.

హాస్టలు పిల్లలు ఎండాకాలం సెలవుల్లో ఇంట్లో ఉంటారు. అప్పుడు చేలల్లో ఏమీ ఉండదు, కాని చింతచిగురు ఉంటుంది. దానితో మొదలు పెట్టండి, అది తెలియని పిల్ల ఉండదు. జూన్‌లో మృగశిర కార్తె వానలు పడ్డాక, బడి మొదలైనా ఒక ఆదివారం దొరుకుతుంది. అవ్వను ముందు నడిపించండి. పిల్ల చేతికి నోటు పుస్తకం ఇవ్వండి. ఆ వారంలో అన్నిటికంటే ముందు మొలిచేది తంటెమే. మొదటి పేజీ దానిది, రెండో పేజీ కసివిందది. కసివింద పేజీని ఎర్ర సిరాతో రాయించండి.